మొక్కజొన్నలో కలుపు మందు: విత్తిన మర్నాడా, ఇరవయ్యో రోజా?

మూడేళ్ళ కిందట శ్రీకాకుళం జిల్లా లావేరు వైపు మా గరువులో (మెట్ట చేలో) ఖరీఫ్ మొక్కజొన్న వేసినప్పటి సంగతి. విత్తనం పడేనాటికి వాన కురిసి నాలుగు రోజులైంది. పైమట్టి తెల్లబడింది కానీ లోపల పదును ఉంది. విత్తిన మర్నాడే అట్రజిన్ అనే కలుపు మందు కొట్టాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది కదా, అలాగే కొట్టేశాను. తర్వాత పన్నెండు రోజులు చుక్క రాలలేదు. లోపలి పదును తాగి కలుపు మొలిచేసింది, మందు మాత్రం పైన ఎండిన మట్టిలో అలాగే ఉండిపోయింది. పదిహేనో రోజుకి సాళ్ల మధ్య ఊద, గునుగు, తోటకూర జాతర. చిన్నాన్న గట్టు మీద నిలబడి చూసి, "ఏట్రా, కలుపు మందు కొట్టావా, ఎరువు కొట్టావా?" అన్నాడు.

అదే ఏడు రబీలో బోరు కింద చేలో అదే మందు, అదే మోతాదు, అదే చేత్తో కొట్టాను. నెల రోజుల దాకా చేను తుడిచినట్టు ఉంది. రెండు చేలకీ తేడా తడిలోనే.

అందుకే దుకాణానికి వెళ్లి "మొక్కజొన్నకి ఏ కలుపు మందు మంచిది?" అని అడగడం కంటే ముందు, మన చేలో ఏ రోజున తడి ఉంటుంది, ఏ రోజున మనకి తీరిక ఉంటుంది అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. అది తేలితే మందు పేరు దానంతటదే తేలుతుంది.

మొక్కజొన్నకి కలుపుతో అసలు పోటీ మొదటి 30-40 రోజులే. మొక్క మోకాలెత్తు దాటి సాళ్ల మధ్య ఆకులు కలిశాక, కింద మొలిచే గడ్డికి వెలుతురు దొరకదు. కోతదాకా చేను అద్దంలా ఉండాలని ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ నలభై రోజుల్లో మందు కొట్టడానికి మూడు అవకాశాలు ఉంటాయి: విత్తిన రెండు మూడు రోజుల్లోపు ఒకటి, 15-20 రోజుల మధ్య ఇంకొకటి, 25-30 రోజుల మధ్య చివరిది.

విత్తిన రెండు మూడు రోజుల్లోపు

ఇక్కడ అందరికీ తెలిసిన మందు అట్రజిన్ 50 శాతం పొడి. ఎకరానికి తేలిక నేలల్లో 800 గ్రాములు, బరువు నేలల్లో 1,200 గ్రాములు, 200 లీటర్ల నీటిలో. ఈ తేడా ఎందుకంటే బంకమట్టి మందులో కొంత భాగాన్ని తనే పట్టేసుకుంటుంది, కలుపు వేరుకి అందేది తగ్గుతుంది. మన ఎర్ర గరప నేలల్లో ఆ బాధ లేదు, 800 చాలు. "ఇంకో పావు కిలో వెయ్యి బాబూ, బాగా పనిచేస్తుంది" అనే సలహా దుకాణం దగ్గర తరచూ వినిపిస్తుంది. ఇసుకపాలు ఎక్కువున్న నేలలో ఎక్కువేసింది నీటితో పాటు కిందికి దిగుతుంది. భూగర్భ జలాల్లో చేరుతోందనే ఐరోపా సమాఖ్య 2004లో అట్రజిన్‌ని పక్కన పెట్టింది. ఇక్కడ వాడకంలోనే ఉంది. కానీ చేను పక్కనే తాగునీటి బావి ఉన్నవాళ్లు ఆ పావు కిలో జోలికి పోకపోవడమే మంచిది.

ఈ మందు ముఖ్యంగా వేరు ద్వారా లోపలికి వెళ్తుంది. పైన అంగుళం మట్టిలో మందు తడిలో కరిగి పొరలా ఉంటే, మొలుస్తున్న కలుపు ఆ పొరలోంచి వస్తూ తాగి చస్తుంది. కాబట్టి కొట్టేముందు చేయాల్సిన పరీక్ష ఒకటే. లోపలి మట్టి కాదు, పైమట్టే ఒక గుప్పెడు తీసి పిసకండి. ముద్దయి, వేలితో తడితే విరిగేలా ఉంటే కొట్టొచ్చు. పొడిపొడిగా రాలిపోతే ఆగండి. బోరు ఉంటే తేలికపాటి తడి ఇచ్చి, కాలు దిగబడకుండా ఉన్నప్పుడు కొట్టండి. కొట్టేటప్పుడు వెనక్కి నడవాలి. ముందుకి నడిస్తే మందు పడిన చోట మనమే అడుగులేసి పొర చెదరగొడతాం. అదే కారణంతో మూడు వారాల దాకా చేలో దంతె తిప్పకూడదు.

అట్రజిన్‌కి లొంగనివి ఉన్నాయి. తుంగ, గరిక లాంటివి గడ్డల నుంచీ వేళ్ల నుంచీ లేస్తాయి కాబట్టి వాటికి ఇది పట్టదు. వెన్నదేవి కూడా తప్పించుకుంటుంది. కిందటేడు చేనంతా తుంగే అయితే ఈ ఒక్క మందు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక మందు కొట్టిన రోజు రాత్రే గట్టి వాన పడితే ఇసుక నేలలో మందు కొట్టుకుపోతుంది, కొంత మొక్కజొన్న వేరు దాకా కూడా దిగుతుంది. అల్పపీడనం వార్త ఉన్న రోజు తొందరపడకండి.

అన్నీ కుదిరితే మాత్రం ఇంత చవకగా, ఇంత తీరికగా అయ్యే పని ఇంకోటి లేదు. విత్తడానికి వచ్చిన మనుషులే మర్నాడు మందు కొట్టేస్తారు, మళ్లీ ఒకరిని వెతకక్కర్లేదు.

పదిహేను నుంచి ఇరవై రోజుల మధ్య

ఈ దశలో కొట్టే మందులు మన దుకాణాల్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. మొలిచిన కలుపు ఆకుల మీద పడి పనిచేస్తాయి, మొక్కజొన్నని వదిలేస్తాయి. టెంబోట్రయోన్ 34.4 శాతం ద్రావణం ఎకరానికి 115 మి.లీ. టోప్రమెజోన్ 33.6 శాతం అయితే 30 మి.లీ. మీసోట్రయోన్, అట్రజిన్ రెండూ కలిపి ఒకే సీసాలో వచ్చేది ఇంకొకటి ఉంది, దాని మోతాదు 1,400 మి.లీ. కంపెనీ పేర్లు ఏడాదికోసారి మారతాయి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు, శాతం చూసి కొనండి. మొదటి రెండింటితో పాటు ఆకుకి అంటుకునేందుకు జిగురు మందు ఇస్తారు. అది "ఫ్రీ" కదా అని పక్కన పడేసేవాళ్లని చూశాను. అది లేకపోతే మందు గడ్డి ఆకు మీద నిలవదు, జారిపోతుంది.

టెంబోట్రయోన్ గానీ టోప్రమెజోన్ గానీ కొట్టేటప్పుడు 400 గ్రాముల అట్రజిన్ కలిపితే పని బాగా పెరుగుతుంది. ఒకటి ఆకులోని పచ్చదనాన్ని కాపాడే రంగుని తయారవనివ్వదు, రెండోది ఆకు ఆహారం తయారుచేసుకునే పనిని ఆపుతుంది. పైగా ఆ అట్రజిన్ మట్టిలో పడి తర్వాత మొలిచేవాటిని కూడా కొంత ఆపుతుంది. విత్తినప్పుడే నిండు మోతాదు అట్రజిన్ వేసినవాళ్లు మాత్రం రెండోసారి కలపొద్దు. కోత తర్వాత వేసే పెసర, మినుము, నువ్వుల మీద మట్టిలో మిగిలిన ఆ మందు ప్రభావం పడే ప్రమాదం ఉంది.

కొట్టిన వారానికల్లా కలుపు ఆకులు అచ్చం సున్నం పూసినట్టు తెల్లబడతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకే భయం వేసింది, ఎందుకంటే అక్కడక్కడ మొక్కజొన్న ఆకు మీద కూడా తెల్లటి చారలు వచ్చాయి. అవి వారం పది రోజుల్లో పోయాయి. ఒకే సాలులో రెండుసార్లు కొడితే, చివర మలుపు తిరిగే చోట ఎక్కువ పడితే ఆ చారలు వస్తాయి.

ఇక్కడ రోజులు లెక్కపెట్టడం కంటే ఆకులు లెక్కపెట్టడం ముఖ్యం. పన్నెండో రోజు నుంచి రోజు విడిచి రోజు చేలోకి వెళ్లి, గట్టు మీద నుంచి కాదు, సాలు మధ్య కూర్చుని చూడండి. ఊద గడ్డికి ఎన్ని ఆకులు విచ్చుకున్నాయి? రెండు నుంచి నాలుగు ఉంటే అదే రోజు. నాలుగు దాటి పిలక వేసిందంటే, మీ వేలితో దాని మొదలు చీల్చి చూస్తే పక్కన ఇంకో మొలక కనిపిస్తుంది, అప్పుడు మందు పైఆకుల్ని తెల్లబరుస్తుంది గానీ కింద నుంచి మళ్లీ చిగురేస్తుంది. ఖరీఫ్‌లో వానలు బాగుంటే ఈ దశ పద్నాలుగో రోజుకే వచ్చేస్తుంది. చలి ఉన్న పుష్యమాసంలో ఇరవై రెండో రోజుకి కూడా రాకపోవచ్చు. "ఇరవై రోజులకి కొట్టు" అని విన్న మాట పట్టుకుని కూర్చుంటే ఖరీఫ్‌లో ఆలస్యం అవుతుంది, రబీలో తొందరవుతుంది.

ఆకు మీద పనిచేసే మందే కదా, నేల ఎండినా ఫర్వాలేదు అనుకోవద్దు. బెట్టకి వాడిన కలుపు ఆకు ముడుచుకుని ఉంటుంది, మందుని లోపలికి తీసుకోదు. తడి ఇచ్చి, ఒకటి రెండు రోజులకి కలుపు కళకళలాడుతున్నప్పుడు కొడితేనే చస్తుంది. రబీలో మంచు ఆరేదాకా ఆగాలి. ఆకు మీద నీటి బొట్లు ఉండగా కొడితే మందు పలచబడి కారిపోతుంది. అలాగని మరీ ఆలస్యం చేస్తే రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం లాంటి తీరం దగ్గరి ఊళ్లలో పదకొండు దాటేసరికి సముద్రపు గాలి లేస్తుంది. అంటే మంచు ఆరిన తర్వాత, గాలి లేవకముందు దొరికే రెండు మూడు గంటలే మన చేతిలో ఉన్నవి. ఖరీఫ్‌లో అయితే కొట్టాక కనీసం ఐదారు గంటలు వాన రాకూడదు.

ఈ పద్ధతికి ఉన్న అసలు చిక్కు మందులో లేదు, క్యాలెండర్‌లో ఉంది. జూలైలో విత్తిన మొక్కజొన్నకి ఈ దశ సరిగ్గా వరి ఊడ్పుల్లో వస్తుంది. ఇంట్లో అందరూ పల్లంలో ఉంటారు, స్ప్రేయర్ పట్టే మనిషి దొరకడు. "రేపు కొడదాం" అని నాలుగు రోజులు జరిగితే నాలుగాకుల గడ్డి ఆరాకులైపోతుంది. ఖర్చు కూడా అట్రజిన్‌తో పోలిస్తే కొన్ని రెట్లు ఎక్కువ. అంత పెట్టి ఆలస్యంగా కొట్టేకంటే ఆ డబ్బు కూలీలకి ఇవ్వడం మేలు.

ఇరవై ఐదు దాటాక

ఇది చేయి దాటిన చేనుకి చేసే చికిత్స. ఆకు వెడల్పు కలుపు మాత్రమే మిగిలితే 2,4-డి సోడియం లవణం 80 శాతం పొడి, ఎకరానికి 500 గ్రాములు. గడ్డి జాతికి ఇది ఏమీ చేయదు. తుంగ ఒక్కటే సమస్య అయితే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, 36 గ్రాములు, తుంగ మూడు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు. తుంగ ఎక్కువున్న చేలకి ఈ రెండోది నిజంగా పనికొచ్చే మందు, అట్రజిన్ వేసిన చేలో కూడా తర్వాత దీన్ని వాడుకోవచ్చు.

2,4-డి విషయంలో పక్కచేను చూసుకోండి. పత్తి, టమాటా, చిక్కుడు, వంగ మీద గాలికి తుంపర పడినా చాలు, ఆకులు ముడుచుకుని తీగల్లా సాగుతాయి. మన దగ్గర అరెకరం మొక్కజొన్న, పక్కన పాతిక సెంట్ల వంగ మామూలే కదా. మొక్కజొన్న సుడిలో (పైన కొత్త ఆకులు విచ్చుకునే చోట) పడినా ఆకులు విచ్చుకోకుండా ఉల్లి ఆకులా చుట్టుకుంటాయి, కాండం కొన్నాళ్లు పెళుసుగా ఉంటుంది. వాడిన ట్యాంకుని మళ్లీ కూరగాయలకి వాడితే కడిగినా అడుగున మిగిలిందే చాలు. దీనికి ఒక పాత స్ప్రేయర్ వేరే పెట్టుకోవడం ఉత్తమం.

నన్నడిగితే, ముప్పయ్యో రోజుకి యూరియా వేసి మట్టి ఎగదోసే పని ఎలాగూ ఉంటుంది. సాలు మధ్య చిన్న కలుపు ఆ దంతె కిందే పోతుంది. మొక్కల మధ్య మిగిలింది చేత్తో పీకించండి. ఈ దశలో మందు అవసరం పడేది పదింట ఒక చేనుకి.

కొందరు అమెరికా వీడియోలు చూసి గ్లైఫోసేట్ కొడదామంటారు. అక్కడ దాన్ని తట్టుకునే మొక్కజొన్న వేస్తారు. ఇక్కడ అలాంటి విత్తనానికి సాగు అనుమతి లేదు, మన మొక్కజొన్న మీద పడితే కలుపుతో పాటు అదీ పోతుంది. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందు వాడకం మీద ఆంక్ష కూడా పెట్టింది.

ఏ చేనుకి ఏది

వాన మీద ఆధారపడ్డ గరువు, ఖరీఫ్: ఇక్కడే నా అభిప్రాయం పుస్తకం నుంచి కొంచెం పక్కకి జరుగుతుంది. విత్తిన రోజు గానీ మర్నాడు గానీ వాన పడితే అట్రజిన్ 800 గ్రాములు కొట్టేయండి, ఇంక ఆలోచన వద్దు. నాలుగో రోజుకి కూడా పైమట్టి తడవకపోతే ఆ డబ్బా విప్పకండి. పదిహేనో రోజు ప్రాంతంలో టెంబోట్రయోన్, అట్రజిన్ కలిపి కొట్టేందుకు దాన్నే దాచుకోండి. ఎండిన నేల మీద కొట్టి, అది పనిచేయక మళ్లీ రెండోది కొని, రెండు ఖర్చులూ భరించడమే మా చేలో జరిగింది.

బోరు కింద రబీ: తడి మన చేతిలో ఉంది కాబట్టి మొదటి అవకాశాన్నే వాడుకోవాలి. విత్తడం, తడి, అట్రజిన్. తుంగ లేని చేను అయితే ముప్పయ్యో రోజు మట్టి ఎగదోయడంతో కథ అయిపోతుంది. ఇంత సులువుగా అయ్యే చోట కూడా ఖరీదైన సీసా కొంటున్నవాళ్లని చూస్తే బాధేస్తుంది.

వరి కోసిన పల్లం, దున్నకుండా విత్తే మొక్కజొన్న: ఇది వేరే లెక్క. విత్తేటప్పటికే నేల మీద పచ్చగా కలుపు ఉంటుంది, వరి దుబ్బులు మళ్లీ చిగురేస్తుంటాయి. అట్రజిన్ ఒక్కటే కొడితే పైన ఉన్నదాన్ని అది చంపలేదు. అందుకే విత్తిన 48 గంటల్లోపు, మొక్కజొన్న మొలక బయటపడకముందే, అట్రజిన్‌తో పాటు పచ్చని ఆకుని కాల్చే పారాక్వాట్ కలిపి కొట్టే పద్ధతి వచ్చింది. మొలక కనిపించాక కొడితే మొక్కజొన్న కూడా మాడుతుంది. పారాక్వాట్‌కి విరుగుడు లేదు. గుటకెడు లోపలికి వెళ్లినా మనిషి దక్కడం కష్టం. కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో ఈ మందు అడుగుపెట్టకూడదు. మాగాణిలో పదును బాగా ఉంటుంది గనక అట్రజిన్ మాత్రం ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కంది, పెసర, మినుము అంతరపంటగా వేసినవాళ్లకి పై మందులేవీ పనికిరావు. అట్రజిన్ పప్పు జాతిని చంపేస్తుంది. పెండిమిథాలిన్ 30 శాతం, ఎకరానికి లీటరు, విత్తిన వెంటనే. తర్వాత ఏం మొలిచినా చేతి కలుపే. స్వీట్ కార్న్ వేసినవాళ్లు ఆకు మీద కొట్టే మందులు కొనేముందు విత్తనం ఇచ్చినవాళ్లని అడగండి, కొన్ని రకాలు వాటిని తట్టుకోలేవు.

ట్యాంకు లెక్క

మందు పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తేలిపోతాయని నా అనుమానం. ఎకరానికి 200 లీటర్లు అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర. అంటే ఒక్కో ట్యాంకు సరిగ్గా 8 సెంట్లు తడపాలి. దుకాణంలో టెంబోట్రయోన్‌కి "ట్యాంకుకి 9 మి.లీ." అని చెప్పేది ఈ లెక్క మీదే. కానీ మనవాళ్లు ఎకరం ఎనిమిది ట్యాంకులతో ముగించేస్తారు. ఎనిమిది తొమ్ములు 72. పడాల్సింది 115, పడింది 72. కలుపు చావదు, తెల్లబడి మళ్లీ పచ్చబడుతుంది.

ముందు రోజు ఉత్త నీళ్లతో ఒక ట్యాంకు కొట్టి చూడండి. 20 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చోటు దాదాపు 8 సెంట్లు. అది పూర్తయ్యేసరికి ట్యాంకు ఖాళీ అవ్వాలి. నీళ్లు మిగిలితే నడక నెమ్మది చేయండి. చీలిక నాజిల్ పెట్టండి, పురుగు మందుకి వాడే గుండ్రటి తుంపర నాజిల్‌తో సాలంతా సమానంగా పడదు.

టోప్రమెజోన్ 30 మి.లీ. అయితే ట్యాంకుకి వచ్చేది 2.4 మి.లీ., మూతతో కొలిచే పని కాదు. ఒక క్యాన్‌లో మందు పోసి, నీటితో మొత్తం రెండున్నర లీటర్లు చేసి బాగా కలపండి. అందులోంచి ట్యాంకుకి 200 మి.లీ. గ్లాసుతో ఒక్కసారి పోస్తే పన్నెండున్నర ట్యాంకులకి సరిపోతుంది. జిగురు మందుని ఇందులో కలపొద్దు, దాన్ని ట్యాంకుకి విడిగా కొలిచి పోయండి. అట్రజిన్ పొడి కూడా వేరే బకెట్‌లో జావలా కలిపి, గుడ్డలో వడకట్టి పోయండి. అది అడుగున పేరుకుంటుంది, రెండు సాళ్లకోసారి ట్యాంకు కుదపకపోతే సాళ్లన్నిటికీ మందు సమానంగా పడదు.

పురుగు మందు కలిపేయొచ్చా?

2018లో కత్తెర పురుగు మన దేశంలోకి వచ్చినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. కలుపు మందు కొట్టే పదిహేను ఇరవై రోజుల్లోనే సుడిలో పురుగు కూడా కనిపిస్తుంది. కూలి ఒక్కసారే అవుతుందని రెండూ ఒకే ట్యాంకులో పోసేస్తారు. నేను కలపను. పురుగు మందు సుడిలోకి దిగాలి, కలుపు మందు సుడి తప్పించి సాలు మధ్య గడ్డి మీద పడాలి. ఒకే నడకలో ఒకే నాజిల్‌తో ఈ రెండూ కుదరవు. పైగా కొన్ని పురుగు మందులు కలిస్తే మొక్కజొన్న కలుపు మందుని తట్టుకునే శక్తి తగ్గుతుంది. పురుగు ఎక్కువుంటే ముందు దానికి కొట్టి, మూడు నాలుగు రోజులు ఆగి కలుపు సంగతి చూడండి. పురుగు అక్కడక్కడే ఉంటే ముందు కలుపు. ఆ నాలుగు రోజుల్లో గడ్డి నాలుగాకులు దాటేలా ఉందా లేదా అన్నది మాత్రం చేలో కూర్చుని చూసుకున్నాకే ఏది ముందో తేల్చండి.